మాంసాహారమును భూమి భరించునా?

చదువవలసిన భాగములు: ఆదికాండము 13:1–12, ద్వితీయోపదేశకాండము 22:6, 7, 1 రాజులు 4:7, 22–28.



ఈ నెల పాఠమునకు మేము తీసికొన్న ప్రశ్న మన యౌవనస్థుల కూటములలో ఇప్పుడు తరచుగా వినబడుచున్నది. పట్టణములలో చదువుకొను పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చి, మాంసము తినుటవలన భూమి వేడెక్కుచున్నదనియు, అడవులు నరకబడుచున్నవనియు, కాబట్టి మాంసము మానుటయే ధర్మమనియు చెప్పుచున్నారు. పెద్దలలో కొందరు నవ్వి ఊరకుందురు. కొందరు, పొయ్యిమీద కూర ఉడుకుచుండగా ఇదెక్కడి బోధ అని కసరుదురు. నవ్వినను కసరినను ప్రశ్న పోదు. పిల్లలు చెప్పుదానిలో నిజమెంత, అది మన పల్లెలకు ఎంతవరకు వర్తించును అని నెమ్మదిగా చూచుట మంచిది.

ముందుగా ఒక సంగతిని ప్రక్కకు పెట్టుదము. మాంసము తినుట పాపమా అనునది ఈ పాఠములోని ప్రశ్న కాదు. ఆదియందు మనుష్యునికి గింజలును పండ్లును ఆహారముగా ఇయ్యబడెను (ఆది 1:29). జలప్రళయము తరువాత జంతువులు కూడ ఇయ్యబడెను గాని, రక్తమును ముట్టరాదను హద్దుతో ఇయ్యబడెను (ఆది 9:3, 4). భోజనపు విషయములో ఒకరినొకరు చిన్నచూపు చూడవద్దని పౌలు రోమా సంఘమునకు బోధించెను (రోమా 14). అంతటితో ఆ మాట తీరినది. అయితే అనుమతి ఉన్నదా అనునది ఒక ప్రశ్న, భూమి ఓర్చునా అనునది వేరొక ప్రశ్న. అప్పు చేసి పెండ్లి చేయుట నేరము కాదు; అయినను ఆ అప్పును ఆ ఇల్లు మోయగలదా అని అడుగవలసియే యుండును.

ఈ రెండవ ప్రశ్న అబ్రామునకును లోతునకును ఎదురైనది. ఇద్దరును ఐగుప్తునుండి తిరిగి వచ్చిరి. ఇద్దరికిని మందలును గుడారములును ఉండెను. ఎవరును ఎవరిని మోసగించలేదు, ఎవరి మందయు దొంగమంద కాదు. అయినను రెండు మందలు ఒక్క చోట మేయుటకు ఆ నేల సరిపోలేదు, కాపరులు జగడమాడిరి. ఏడవ వచనములో ఒక చిన్న సంగతి కలదు, చాలమంది దానిని గమనింపక దాటిపోవుదురు. ఆ దేశములో కనానీయులును పెరిజ్జీయులును అప్పటికే కాపురముండిరి. అనగా ఆ గడ్డియు ఆ నీళ్లును వీరిద్దరివి మాత్రమే కావు. ఎంత మందకు ఎంత నేల అను లెక్క అక్కడ తప్పినది. ఎండకాలములో చెఱువు అడుగంటినప్పుడు మన ఊళ్లలో మందలవారికిని రైతులకును వచ్చు తగవు ఇటువంటిదే. అబ్రాము దానిని విడిపోవుటచేత తీర్చుకొనెను, ఎందుకనగా ప్రక్కనే నీళ్లుగల మరియొక మైదానము కనబడుచుండెను. నేడు భూమిమీద అట్టి రెండవ మైదానము మిగిలి లేదు. ఉన్నదనుకొని పోయిన చోట అడవి పోయినది. దక్షిణ అమెరికాలోని అమెజాను అడవి నరకబడుటకు అన్నిటికంటె పెద్ద కారణము పశువుల మేతబీళ్ల కొరకు నేలను చదును చేయుటయే.

పిల్లలు చెప్పు లెక్కలు ఎక్కడనుండి వచ్చినవి? ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ 2006లో ఒక నివేదిక వెలువరించెను. మనుష్యుల పనులవలన గాలిలో చేరి భూమిని వేడెక్కించు వాయువులలో నూటికి 18 పాళ్లు పశుపోషణవలన వచ్చుచున్నవని అందులో చెప్పిరి. 2013లో అదే సంస్థ ఆ లెక్కను 14.5కు సవరించెను, 2023లో మరల సవరించి సుమారు 12 అనెను. అంకె తగ్గినది గదా అని సంతోషింపరాదు. మారినది లెక్కించు పద్ధతి గాని పశువులు తగ్గలేదు. నూటికి పండ్రెండు పాళ్లయినను చిన్న భారము కాదు.

ఆ భారములో పెద్ద పాలు మీథేను అను వాయువుది. ఆవు, గేదె, గొఱ్ఱె, మేక నెమరువేయు జంతువులు. వాటి కడుపు నాలుగు గదులుగా నుండును. అందులో పెద్ద గదియందు కంటికి కనబడని సూక్ష్మజీవులు కాపురముండి, మనము ఎంత నమిలినను అరుగని గడ్డిని, చొప్పను పులియబెట్టి ఆ జంతువునకు ఆహారముగా మార్చును. ఆ పులియుటలో మీథేను పుట్టి త్రేనుపుగా నోటినుండి వెలుపలికి వచ్చును. నూరేండ్ల లెక్కన చూచినయెడల, అంతే తూకముగల బొగ్గుపులుసు వాయువుకంటె ఇది సుమారు 27 రెట్లు ఎక్కువగా వేడిమిని పట్టియుంచును. అయితే ఎల్లకాలము నిలువదు. సుమారు పండ్రెండేండ్లలో చాలమట్టుకు విరిగిపోవును. కాబట్టి మందలు పెరుగుచున్న చోట భారము వెంటనే పెరుగును, తగ్గించిన చోట త్వరగానే తగ్గును. ఎప్పటి సంఖ్యలో అవి నిలిచియున్న చోట భారము ఇంచుమించు అట్లే నిలుచును. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడి.

2018లో సైన్సు అను పత్రికలో పూర్, నెమెచెక్ అను ఇద్దరు పరిశోధకులు 119 దేశములలోని సుమారు 38,700 పొలముల లెక్కలు కూర్చి ప్రకటించిరి. నూరు గ్రాముల మాంసకృత్తులు మన పళ్లెములోనికి వచ్చుటకు ఎంత భారమగునని వారు చూచిరి. మాంసము కొరకే పెంచు గొడ్డుది అయితే సగటున 50 కిలోల బొగ్గుపులుసు వాయువునకు సమానము; గొఱ్ఱె మాంసమైతే 20 కిలోలు; కోడి అయితే ఆరు కిలోలకు కొంచెము లోపల; పప్పుధాన్యములైతే ఒక్క కిలోకు లోపలనే. ఈ లెక్క యెదుట కందిపప్పు, పెసలు, ఉలవలు గెలిచినవి. దానిని తప్పించుకొనుటకు మేము ఏ సాకును వెదకము. పైగా పప్పుజాతి మొక్కల వేళ్లయందలి బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు బలమిచ్చునని మన రైతులు ఎరుగుదురు. పప్పు వండుకొనుట ఏ విధముగా చూచినను నేలకు తేలిక.

అయితే సగటు లెక్క కొంత చూపించును, కొంత దాచును. ఇక్కడ ఒక ముడి కలదు. ఈ పాఠములో ముఖ్యమైన సంగతి ఇదియే. గొఱ్ఱె మీథేను వదలును గాని మనము తినలేనిదానిని తినును. కోడి మీథేను దాదాపు వదలదు గాని, దాని దాణా మనము తినగలిగిన గింజ. ప్రపంచములోని పశువులన్నియు తిను మేతలో నూటికి 86 పాళ్లు మనుష్యులు తినలేనిదని ఆహార వ్యవసాయ సంస్థ పరిశోధకులు 2017లో లెక్కకట్టిరి. గడ్డి, ఆకు, చొప్ప, తెలకపిండి వంటివి అందులోనివి. మిగిలిన పాలు కొంచెమేగదా అని తోచును. కాని లోకములో పండు ధాన్యములో దాదాపు మూడవ వంతు ఆ కొంచెములోనే పోవుచున్నది. కాబట్టి మాంసము మంచిదా చెడ్డదా అని అడుగుటకంటె, ఆ జంతువు ఏమి తిన్నది, ఎక్కడ నిలిచినది, అట్టివి ఎన్ని అని అడుగుటయే సరియైన ప్రశ్న. లేవీయకాండము 11వ అధ్యాయములో తినదగినవిగా ఏర్పరచబడిన నాలుగుకాళ్ల జంతువులు నెమరువేయునవే. దానికి కారణము మేతయే అని మేము చెప్పము. అక్కడ అట్లు వ్రాయబడలేదు. అయినను కొండలును ఎండిన బీళ్లునుగల ఆ దేశములో అవి మనుష్యుని గింజకు పోటీ రానివగుట గమనింపదగియున్నది.

ఇప్పుడు మన ప్రాంతమునకు వత్తము. 2019లో జరిగిన ఇరువదవ పశుగణన ప్రకారము తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షల గొఱ్ఱెలును, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలును కలవు. దేశమంతటి గొఱ్ఱెలలో దాదాపు సగము ఈ రెండు రాష్ట్రములలోనే యున్నవి. పాలమూరు ప్రాంతపు గొల్లలును కురుమలును వానలు వెనుకబడిన పిమ్మట మందలను తోలుకొని నల్లమల వైపునకును, కృష్ణ దిగువ పొలములకును నెలల తరబడి పోవుట తరతరముల వాడుక. నల్లని ముదుక బొచ్చుగల డెక్కనీ గొఱ్ఱె ఆ మెట్టనేలల ఎండకును నడకకును ఓర్చునది. గొంగళ్లు దాని బొచ్చుతోనే నేయుదురు. దారిలో రైతు ఆ మందను రాత్రులు తన చేనిలో నిలిపించుకొనును. దానినే మంద పెట్టించుట అందురు. ఇందులో ఒక విశేషమున్నది. చేనిలో నిలిచినందుకు మందవాడు రైతునకు ఏమియు ఇయ్యడు. రైతే మందవానికి గింజలో డబ్బో ఇచ్చును. పెంటయు మూత్రమును నేలమీదనే పడును, ఎరువు తోలుటకు బండి కట్టనక్కరలేదు, యూరియా బస్తాలు తగ్గును. ఆ యూరియాను మన దేశములో ఎక్కువగా సహజవాయువుతో చేయుదురు. దానివలన గాలిలో చేరు భారము వేరుగా ఉన్నది. కోత చేనిలో మూలలు విడిచి, రాలినది బీదలకు ఉంచవలెనని ధర్మశాస్త్రము చెప్పినది (లేవీ 19:9, 10). మంద కూడ ఒక విధముగా పరిగె ఏరుకొనునదే. ఆ చేనిలో అది తిన్న ఆకు, మోడు, కలుపు మరి యెవరి కంచములోనికిని పోవునది కాదు.

ఇప్పుడు అనేక గ్రామములలో ఏమి జరుగుచున్నది? కోతయంత్రము పోయిన తరువాత వరి కొయ్యకాళ్లకు నిప్పు పెట్టుచున్నారు. మంద తినవలసినది పొగయై పోవుచున్నది, నేలపైపొరలోని జీవము మాడిపోవుచున్నది, తరువాత ఎరువు కొనుటకు అంగడికి పోవుచున్నారు. దీనిలో మాంసము తిన్నవాని దోషమెంత, తిననివాని దోషమెంత అని మేము అడుగుచున్నాము.

అట్లని మందలన్నియు నేలకు మేలే అని చెప్పినయెడల అబద్ధమగును. మేక మొలకను కొరికిన చోట చెట్టు లేవదు. ఊరి గుట్ట ఏటేట బోడియగుటకు వంటచెఱకు ఒక కారణమైతే మందలు మరియొక కారణము. సర్కారు తుమ్మ కాయలను తిని పెంటతోపాటు గింజలను ఊరంతయు వెదజల్లునవి ఈ మందలే. పశువులను పద్ధతిగా మేపినయెడల గడ్డి వేళ్లద్వారా నేలలో నిలువయగు బొగ్గు వాటి మీథేనునంతటిని కొట్టివేయునని పరదేశములలో కొందరు చెప్పుచున్నారు. 2017లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ మాటను లెక్కకట్టి చూచిరి. మిక్కిలి అనుకూలమైన పరిస్థితులలోనైనను మేయు పశువుల భారములో నూటికి 20 మొదలు 60 పాళ్లవరకే తీరుననియు, నేల నిండిన కొన్ని దశాబ్దముల పిమ్మట అదియు ఆగిపోవుననియు వారు తేల్చిరి. కాబట్టి గడ్డి తిన్న మంద గింజ తిన్న మందకంటె న్యాయమైనదే గాని, ఎన్ని మందలనైనను పెంచవచ్చునన్న చీటి ఎవరికిని దొరకలేదు. మరల అది అబ్రాము లోతుల లెక్కయే. పైగా లెక్కలో రెండవ ప్రక్క, అనగా మేత నేల, తగ్గుచున్నది. బంచరాయి అని రికార్డులో ఉన్న భూములలో ఇప్పుడు ఎన్ని ఇండ్ల స్థలములైనవో, ఎన్ని ఎవరి పట్టాలో చేరినవో మీ మీ ఊళ్లలో మీకే తెలియును. మందలు పెరగకపోయినను నేల తరిగినయెడల గుట్ట బోడియగును.

కోడిని గూర్చి కొంచెము చెప్పవలెను, ఎందుకనగా నేడు మన ఇండ్లలో మాంసమనగా ఎక్కువగా కోడియే. పూర్వము చుట్టము వచ్చినప్పుడును, క్రిస్మసుకును, పెండ్లికిని కోడిని కోసెడివారు. ఆ కోడి పెరటిలో రాలిన మెతుకులు, పురుగులు, చెదలు ఏరుకొని ఆరు నెలలు తిరిగినది. ఇప్పుడు బ్రాయిలరు కోడి సుమారు నలువది దినములలో రెండు కిలోలగును. అందుకు అది సుమారు మూడున్నర కిలోల దాణా తినును; ఆ దాణాలో ఎక్కువ భాగము మొక్కజొన్నయు సోయా చెక్కయు. ఒక్క కోడిని చూచినయెడల ఇది పొదుపైన పనియే, మీథేను లెక్కలో గొఱ్ఱెను ఓడించును. అయితే చవుక యగుటచేత నెలకొక పూట ఉన్నది వారమునకొక పూటయై, వారమునకొక పూట ఉన్నది రెండు మూడు పూటలగుచున్నది. ఆ మొక్కజొన్న ఏ చేనిలో పండినదో ఆ చేనిలో ఒకప్పుడు జొన్నయు కందియు పండెను. అవి తిని మనుష్యులు బ్రదికిరి, చొప్ప తిని ఎడ్లు బ్రదికినవి. కోడి భారము చిన్నదే గాని, తేలికగా నున్నదని ఎక్కువ మూటలు ఎత్తుకొన్నవాని నడుము కూడ వంగును.

పాలు త్రాగువారు ఈ లెక్క తమకు సంబంధించినది కాదని అనుకొందురు. అది సరికాదు. లోకములో అన్నిటికంటె ఎక్కువగా పాలు ఉత్పత్తి చేయుచున్నది మన దేశమే. మన పశువుల మీథేనులో పెద్ద పాలు పాలకొరకును పనికొరకును ఉంచుకొన్న ఆవులది, గేదెలది. గేదె ఈనినగాని పాలు రావు. ఈనిన వాటిలో సగము దున్నపోతులు. ట్రాక్టరు వచ్చిన తరువాత వాటికి పని లేదు. వట్టిపోయిన గేదెయు, పనిలేని దున్నయు మేత తినుచునే మీథేను వదలుచుండును. పాలును మాంసమును ఒక్క జంతువునకు రెండు ప్రక్కలు; ఒక ప్రక్కను పవిత్రమని, రెండవ ప్రక్కను పాపమని చెప్పుట లెక్కలకు నిలువదు. మన రాష్ట్రములలో 1977 నాటి చట్టము గోవధను నిషేధించినది. ఆ సంగతి వేరు, మేము ఇక్కడ దానిలోనికి పోము.

ఈ చోట ఒక మాటను దాచక చెప్పవలెను. మన సంఘములలో అనేకుల తాతలు ఊరి వెలుపలి వాడలలో నుండి, పెద్ద పశువు మాంసము తిన్నందుకు తరతరములు చిన్నచూపు చూడబడిరి. బీదవాని ఇంట బలమైన ఆహారము చవుకగా దొరికినది అదొక్కటే. ఇప్పుడు పాత తిరస్కారమే పర్యావరణమను క్రొత్త పేరు పెట్టుకొని వచ్చినయెడల దానిని గుర్తుపట్టవలెను. అమెరికా దేశములో మనిషికి ఏటికి నూరు కిలోలకు పైగా మాంసము లభించుచున్నది. మన దేశములో అందులో పదియవ వంతు కూడ లేదు. ఏ యింటిలో పిల్లలు రక్తహీనతతో ఉన్నారో ఆ యింటి పళ్లెములోని చిన్న ముక్క భూమిని కూల్చుట లేదు. మాంసము తగ్గించుకొనుమను మాట మొదట ఎవరి బల్లయొద్ద చెప్పవలెనో గ్రంథము చూపుచున్నది. సొలొమోను ఇంటికి దినమునకు కొట్టములో మేపిన ఎడ్లు పది, బీళ్లలో మేసినవి ఇరువది, గొఱ్ఱెలు నూరు, అవిగాక దుప్పులు, జింకలు, బాతులు. కొట్టపు మేతకును బీటి మేతకును భేదమును ఆనాటి లేఖికుడు సహితము వేరు చేసి వ్రాసెను, గమనించితిరా? ఆ బల్లను నింపుటకు పండ్రెండు ప్రాంతముల అధికారులు ఏటికి ఒక్కొక్క నెల వంతు మోసిరి. ఆ వంతులు మోసిన పల్లెలలో ఎవరు ఏమి తినిరో అక్కడ వ్రాయబడలేదు. సొలొమోను పోయిన వెంటనే ఆ జనులు వచ్చి తమ కాడి బరువు తగ్గించుమని అతని కుమారుని అడిగిరి (1 రాజులు 12).

మరి మనకు ఏమైనను లేదా అందురేమో. కలదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో త్రోవప్రక్కన పక్షిగూడు దొరికినవానికి ఇయ్యబడిన ఆజ్ఞ చూడుడి. పిల్లలను తీసికొనవచ్చును, తల్లిని విడువవలెను. ఆ నియమము ఆకలిని కాదనలేదు, వచ్చే యేటి గూటిని గూడ మరువలేదు. మన వాడుకలో చెప్పవలెనన్న వడ్డీ తినవచ్చును గాని అసలు తినరాదు. చేప గ్రుడ్లు పెట్టు కాలములో చెఱువులో వల వేయువాడు అసలు తినుచున్నాడు. పచ్చిక లేచుటకు ముందే గుట్టమీదికి మందను ఎక్కించువాడు, చూలి గొఱ్ఱెను సంతలో కోతకు అమ్మువాడు అసలు తినుచున్నారు.

ఇండ్లలో పప్పు, చిక్కుళ్లు, ఉలవచారు, వేరుసెనగ తరచుగాను, మాంసము అప్పుడప్పుడును వండుకొనుట మన తల్లులకు క్రొత్త కాదు. గోంగూరలోనో దోసకాయలోనో పావుకిలో మాంసము వేసి యింటిల్లిపాదికి పెట్టిన వంట మనదే. సంఘ విందులలో కూడ ఇట్లే చేయవచ్చును. కోతకాల పండుగకు మాంసము వండుదురుగాక. తప్పిపోయిన కుమారుడు వచ్చిన దినమున తండ్రి మేపిన దూడను వధించెనుగదా. అయితే ఆ యింట ఆ దూడ ఒక్కటే ఆ దినము కొరకు మేపబడి యుండెను. ప్రతి కూటమునకు విస్తరిలో మిగిలి పారవేయునంత మాంసము పెట్టు వాడుక ఈ మధ్య వచ్చినది; అది ఎవరి ఆకలిని తీర్చుట లేదు.

పొలములుగల సహోదరులు ఈ ఏడు వరి కోసిన తరువాత నిప్పు పెట్టకమునుపు మందలవారికి కబురు చేయుడి. రాత్రికి ఎన్ని గొఱ్ఱెలు నిలుచునో, ఎన్ని రాత్రులు కావలెనో, ఏమి ఇయ్యవలెనో ఊరి వాడుకను బట్టి ముందుగా మాటలాడుకొనుడి. నీటి తొట్టి ఎక్కడనున్నదో వారికి చూపుడి. యౌవనస్థులు వచ్చే కూటమునకు రెండు లెక్కలు వ్రాసి తేవలెను: గ్రామ రికార్డులో బంచరాయి ఎన్ని యెకరములు, అందులో ఇప్పుడు మేతకు మిగిలినది ఎంత, ఊరిలో గొఱ్ఱెలు, మేకలు, గేదెలు ఎన్ని. ఆ రెండు అంకెలను ప్రక్కప్రక్కన ఉంచుకొని ఆదికాండము పదమూడవ అధ్యాయమును మరల చదువుదము.